రైస్ కుక్కర్‌కి అన్నం ఉడికిందని ఎలా తెలుస్తుంది? రూమ్ వంటకి పనికొచ్చే గాడ్జెట్ పాఠం

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, చార్జింగ్ ఎన్ని వాట్స్ అని పది రివ్యూలు చూస్తాం. అదే రూమ్‌లోకి ఒక కెటిలో, రైస్ కుక్కరో కొనేటప్పుడు మాత్రం రేటు, రంగు చూసి కార్ట్‌లో వేసేస్తాం. తర్వాత కెటిల్ అడుగున నూడుల్స్ మాడిపోతాయి, కుక్కర్‌లో పెట్టిన సాంబార్ పొంగి టేబుల్ అంతా పారుతుంది. అప్పుడు "ఈ కంపెనీ వేస్ట్ బ్రో" అని ఒక స్టార్ రేటింగ్ ఇచ్చేస్తాం.

వంట గాడ్జెట్ ఏదైనా సరే, దాని గురించి రెండు సంగతులు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒకటి, వేడి ఎక్కడ పుడుతోంది? రెండు, ఎప్పుడు ఆగాలో దానికి ఎలా తెలుస్తోంది? ఈ రెండూ తెలిస్తే ఏ వంట దేంట్లో అవుతుందో, ఏది అవ్వదో మీకు మీరే చెప్పేయొచ్చు. హాస్టల్, పీజీ, బ్యాచిలర్ రూమ్‌లలో ఎక్కువగా కనిపించే గాడ్జెట్లను ఈ లెక్కన చూద్దాం.

రైస్ కుక్కర్‌లో ఉన్నది ఒక అయస్కాంతం

ఒకే స్విచ్ ఉండే మామూలు రైస్ కుక్కర్‌లో చిప్ ఉండదు, టైమర్ కూడా ఉండదు. ప్లగ్ తీసేసి, లోపలి గిన్నె పక్కన పెట్టి చూడండి. హీటింగ్ ప్లేట్ మధ్యలో స్ప్రింగ్ మీద పైకీ కిందికీ కదిలే గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంటుంది. మొత్తం తెలివంతా అందులోనే ఉంది. మీరు స్విచ్ కిందికి నొక్కగానే లోపలున్న అయస్కాంతం ఒక ఫెర్రైట్ ముక్కకి అతుక్కుని, స్విచ్‌ని అలాగే పట్టి ఉంచుతుంది. ఫెర్రైట్ ఒక వేడి దాటితే అయస్కాంతానికి అతుక్కోదు. ఆ వేడినే క్యూరీ పాయింట్ అంటారు, ఫ్రెంచ్ సైంటిస్ట్ పియరీ క్యూరీ పేరు మీద. రైస్ కుక్కర్లలో అది సుమారు 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా చూసుకుంటారు.

103 ఎందుకంటే, గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎంత కరెంటు వెళ్ళినా అది నీళ్ళని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. బియ్యం నీళ్ళు పీల్చేసుకుని, మిగిలినవి ఆవిరైపోయాక అడుగు ఒక్కసారిగా వేడెక్కుతుంది. 103 దాటగానే అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, టక్ మని స్విచ్ పైకి లేస్తుంది. అంటే కుక్కర్‌కి అన్నం ఉడికిందో లేదో తెలీదు. నీళ్ళు అయిపోయాయని మాత్రమే తెలుసు.

దీని మొదటి వెర్షన్ ఇంకా సింపుల్. 1955లో జపాన్‌లో తోషిబా తెచ్చిన ఆటోమేటిక్ కుక్కర్‌లో రెండు గిన్నెలు ఉండేవి. బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్ళు పోస్తే అవి ఆవిరైపోవడానికి దాదాపు 20 నిమిషాలు పట్టేది, అవి అయిపోగానే స్విచ్ ఆగిపోయేది. దాన్ని తయారుచేసిన యోషితద మినామి ఓ చిన్న వర్క్‌షాప్ యజమాని. రకరకాల వాతావరణాల్లో అన్నం వండి వండి చూసి, ఆ లెక్క తేల్చింది ఆయన భార్య ఫుమికో. ప్రోడక్ట్ టెస్టింగ్ అంటే అదీ.

ఇప్పుడు రూల్ ఈజీ. చివర్లో నీళ్ళు పూర్తిగా ఇంకిపోయే వంటలన్నీ రైస్ కుక్కర్‌కి వదిలేసి మీ పని మీరు చూసుకోవచ్చు. అన్నం, పులగం, కిచిడీ, పులావ్ అన్నీ ఈ లిస్టులోవే. చారు, సాంబార్, పప్పుచారు అలా కాదు. వాటిలో నీళ్ళు అయిపోవు కాబట్టి కుక్కర్ ఆగదు, మీరే పక్కన కూర్చుని ఆపాలి. పోపు సంగతి దీనికి రివర్స్. గిన్నెలో నీళ్ళే లేవు కాబట్టి ఆవాలు చిటపటలాడే లోపే చాలాసార్లు స్విచ్ లేచిపోతుంది. అలా లేవకుండా స్విచ్ కింద చెంచా ఇరికించడం, బరువు పెట్టడం లాంటి హ్యాక్స్ రీల్స్‌లో కనిపిస్తాయి. అస్సలు చేయొద్దు. ఆ మెషిన్‌లో ఉన్న ఒకే ఒక్క కంట్రోల్‌ని మీరు తీసేస్తున్నట్టు.

మొదటిసారి వండేవాళ్ళకి నా ఓటు పులగానికే. ఒక కప్పు బియ్యం, అర కప్పు పెసరపప్పు కడిగి 20 నిమిషాలు నానబెట్టండి. అదే కప్పుతో నాలుగు కప్పుల నీళ్ళు పోయండి. పది మిరియాలు, అర స్పూన్ జీలకర్ర, చిన్న అల్లం ముక్క తరిగి, చిటికెడు పసుపు, సరిపడా ఉప్పు, ఒక స్పూన్ నెయ్యి. నెయ్యి రుచి కోసమే అనుకోకండి, పప్పు నురగ పొంగడాన్ని కూడా తగ్గిస్తుంది. గిన్నెలో సగానికి మించి నింపొద్దు. స్విచ్ లేచాక మూత తీయకుండా పది నిమిషాలు ఆగండి, అడుగు తడి పైదాకా సమానంగా సర్దుకుంటుంది. సీమ వాళ్ళలా చెనిక్కాయల పచ్చడితో తింటే వేరే కూర అడగరు. 500 వాట్ల కుక్కర్ అరగంట నడిచినా అయ్యే కరెంటు పావు యూనిట్.

కెటిల్‌కి తెలిసింది ఆవిరి ఒక్కటే

కెటిల్ అడుగున హీటర్ ఉంటుంది. ఆపేది మాత్రం ఒక బైమెటల్ ముక్క. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలని కలిపి అతికిస్తే వేడి తగలగానే అది వంగుతుంది, వంగితే స్విచ్ పడిపోతుంది. మరిగిన నీళ్ళ ఆవిరి మూత దగ్గరున్న చిన్న రంధ్రం గుండా ఆ ముక్క దాకా చేరాలి. మూత తెరిచి పెడితే ఆవిరి అటు వెళ్ళదు, కెటిల్ మరుగుతూనే ఉంటుంది. మామూలు కెటిల్‌లో నూడుల్స్ వండితే జరిగేది ఇదే. పొంగుతుందని మూత తీస్తాం, కట్ ఆఫ్ పని చేయదు, పిండి అడుగుకి అంటుకుని మాడుతుంది. నురగ ఆ రంధ్రంలోకి వెళ్తే ఇంకా చిక్కు. నూడుల్స్ కచ్చితంగా కావాలంటే వెడల్పు మూతి, వేడి తగ్గించే నాబ్ ఉన్న మల్టీ కెటిల్ వేరే దొరుకుతుంది, అది తీసుకోండి.

మామూలు కెటిల్‌తో నీళ్ళు మరిగించండి, వంట బయట గిన్నెలో కానివ్వండి. దీనికి బెస్ట్ ఐటమ్ ఉప్మా మిక్స్. ఇంటికి వెళ్ళినప్పుడు బొంబాయి రవ్వని నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపుతో కలిపి కమ్మటి వాసన వచ్చేదాకా బాగా వేయించి, ఉప్పు కలిపి, చల్లారాక డబ్బాలో పోసి తెచ్చుకోండి. కరివేపాకు కరకరలాడేలా వేగాలి, తడి ఉంటే నిల్వ ఉండదు. తినేటప్పుడు ఒక కప్పు మిక్స్‌కి రెండు కప్పుల మరుగుతున్న నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఇక్కడ ఒక కిటుకుంది. చల్లటి స్టీల్ గిన్నె ఆ నీళ్ళ వేడిని లాగేస్తుంది, రవ్వ పచ్చిగా ఉండిపోతుంది. హాట్ ప్యాక్ లాంటి డబ్బా ఉంటే ముందు కాసిని వేడి నీళ్ళతో తొలిపి, అందులో కలపండి.

గుడ్లు కూడా కెటిల్‌లో ఉడుకుతాయి. కడిగిన గుడ్లు చల్లటి నీళ్ళలోనే వేసి ఆన్ చేయండి, మరిగి ఆగిపోయాక మూత తీయకుండా 12 నిమిషాలు ఉంచండి. అదే కెటిల్‌లో టీ నీళ్ళు కాచుకునేవాళ్ళు తర్వాత శుభ్రంగా తోమాలి, అది మర్చిపోవద్దు.

లీటరు నీళ్ళని 25 డిగ్రీల నుంచి 100కి తీసుకెళ్ళడానికి లెక్క ప్రకారం 0.087 యూనిట్ కావాలి. 1500 వాట్ల కెటిల్‌కి అది మూడున్నర నిమిషాల పని, బయటికి పోయే వేడి కలుపుకుని నాలుగు అనుకోండి. ఆ 1500 అనే నంబర్ దగ్గరే అసలు సమస్య మొదలవుతుంది.

మీ గోడలో ఉన్న సాకెట్ ఎన్ని ఆంప్స్?

రూమ్‌లో ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంప్స్‌ది. మన దగ్గర 230 వోల్టులు కాబట్టి, 6 ఇంటూ 230 అంటే 1380 వాట్స్. పెద్ద రంధ్రాల సాకెట్ 16 ఆంప్స్, అంటే 3680 వాట్స్. ఇప్పుడు మీ వస్తువు కింద స్టిక్కర్ చూడండి. 500 వాట్ల రైస్ కుక్కర్‌కి 2.2 ఆంప్స్ చాలు, ఏ టెన్షన్ లేదు. 1500 వాట్ల కెటిల్, ఎయిర్ ఫ్రయర్ 6.5 ఆంప్స్ దాటేస్తాయి. 2000 వాట్ల ఇండక్షన్‌కి 8.7 కావాలి.

నాలుగు సాకెట్లున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కొన్నంత మాత్రాన నాలుగింతలు కరెంటు రాదు. దాని చివర్లో చిన్న ప్లగ్ ఉంటే మొత్తం అన్నిటికీ కలిపి 6 ఆంప్సే. కెటిల్, ఇండక్షన్ రెండూ ఒకే బోర్డు మీద పెడితే 15 ఆంప్స్ పైన వెళ్తుంది. కరెంటు రెట్టింపైతే వదులుగా ఉన్న జాయింట్ దగ్గర పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుందిలే అని చాలామంది ధీమా. ఆ లైన్‌కి 16 ఆంప్స్ ఎంసీబీ పెట్టి ఉంటే, 6 ఆంప్స్ సాకెట్ గుండా 10 ఆంప్స్ వెళ్తున్నా అది కదలదు. దాని లెక్కలో అంతా బాగానే ఉంది. మాడేది మీ మంచం పక్కనున్న ప్లాస్టిక్ బోర్డు.

అందుకే వెయ్యి వాట్స్ దాటిన ఏ వస్తువునైనా నేరుగా 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టండి. పెద్ద ప్లగ్‌ని చిన్న సాకెట్‌కి మార్చే కన్వర్టర్లు వంట వస్తువులకి వాడొద్దు. ఐదు నిమిషాలు నడిచాక స్విచ్ ఆపి ప్లగ్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఓకే, చెయ్యి పెట్టలేనంత వేడి, గోధుమ రంగు మరక, ప్లాస్టిక్ వాసన, వీటిలో ఏది కనిపించినా ఆ సాకెట్ మార్పించాలి. స్టీల్ కెటిల్ ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్త్ సరిగ్గా లేదని అర్థం, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని వాడకండి. ఓనర్‌తో ఈ మాట మాట్లాడటం మొహమాటం అనిపిస్తుంది, అయినా మాట్లాడాలి. రూమ్‌లో వంట వద్దని రూల్ ఉన్న హాస్టళ్ళలో దాని వెనక కారణం చాలావరకు ఈ వైరింగే.

ఇండక్షన్: ప్రీసెట్ బటన్లని నమ్మొద్దు

ఇండక్షన్ స్టవ్‌లో గాజు కింద రాగి చుట్ట ఉంటుంది, వేడి పుట్టేది మాత్రం మీ గిన్నె అడుగులో. అయస్కాంతం అతుక్కునే గిన్నెలే పనిచేస్తాయి. ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటి జేబులో వేసుకుని షాపుకి వెళ్ళండి. ఇంటి నుంచి తెచ్చిన మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు, ఇనప పెనం అడుగు చదునుగా ఉంటే భేషుగ్గా పనిచేస్తుంది.

దోశ, కర్రీ, మిల్క్ అని రాసున్న బటన్లు చాలా బడ్జెట్ మోడళ్ళలో ఫిక్స్ చేసిన వాట్స్, టైమర్ తప్ప మరేమీ కాదు. దాని సెన్సార్ గాజు కింద ఉంటుంది, గిన్నెలో పాలున్నాయో పప్పుందో దానికి తెలీదు. పైగా తక్కువ పవర్ పెట్టినప్పుడు చవక మోడళ్ళు నిజంగా తక్కువ వేడి ఇవ్వవు, ఫుల్ పవర్ మీద కాసేపు నడిచి కాసేపు ఆగుతుంటాయి. పాలు ఉన్నట్టుండి పొంగేది అందుకే. అడుగు మందంగా ఉన్న గిన్నె వాడితే ఈ ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయి. పోపుకి 600, 800 వాట్ల దగ్గర మొదలుపెట్టండి. 2000 మీద రెండు స్పూన్ల నూనె చూస్తుండగానే పొగలెక్కుతుంది, ఆవాలకి బదులు రూమ్ మొత్తానికి ఘాటు పడుతుంది. వంట అయ్యాక లోపలి ఫ్యాన్ ఆగేదాకా మెయిన్ స్విచ్ ఆపకండి.

ఎయిర్ ఫ్రయర్ కొనాలా?

2010లో ఫిలిప్స్ ఈ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక అందరికీ దీని మీద మోజు. లోపల హీటర్, దాని వెనక గట్టి ఫ్యాన్, అంతే. వేడి గాలి పదార్థం పైతడిని లాగేసి కరకరలాడేలా చేస్తుంది. బెండకాయ, కంద, ఆలూ ముక్కలకి ఒక స్పూన్ నూనె పట్టించి ఒకే వరసలో పరిచి పెడితే రిజల్ట్ సూపర్, చికెన్ ముక్కలకి కూడా. కుప్పగా పోస్తే గాలి ఆడదు, ఉడికిపోయినట్టు వస్తాయి. మిరపకాయ బజ్జీ, పునుగులు మాత్రం దీంట్లో ట్రై చేసి డబ్బులు దండగ చేసుకోకండి. జారుగా ఉన్న పిండి వెంటనే గట్టిపడాలంటే మరిగే నూనె చుట్టూ కమ్ముకోవాలి, వేడి గాలికి అంత స్పీడు లేదు. పిండి గట్టిపడే లోపే జారి బుట్ట చిల్లుల్లోంచి కిందికి కారుతుంది. బజ్జీలు సాయంత్రం బండి దగ్గర తినడమే కరెక్ట్. మిగిలినవి ఇంటికి తెస్తే 180 డిగ్రీల మీద నాలుగు నిమిషాలు పెట్టండి, మళ్ళీ కరకరలాడతాయి.