సముద్రం లేని ఊళ్లో పోర్టు కొలువు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడుగుపెడితే ఘాటుకు కళ్లు మండుతాయి. యార్డు నిండా మిర్చి బస్తాలు, జెండా పాట కోసం ఎదురుచూసే రైతులు, అడ్తిదారులు, హమాలీలు. ఇక్కడ అమ్ముడయ్యే తేజ రకానికి చైనాలో మంచి గిరాకీ. వరంగల్‌కు సముద్రం లేదు. మరి ఈ మిర్చి విదేశీ ప్రయాణం మొదలయ్యేదెక్కడ? ఉద్యోగం వెతుక్కునే ప్రతి డిగ్రీ విద్యార్థీ ఈ ప్రశ్న వేసుకోవాలని నా కోరిక.

ఓడ ఎక్కడం రేవులోనే. అంతకుముందు జరగాల్సిన తనిఖీ, కస్టమ్స్ అనుమతి, కంటైనర్‌కు సీలు మాత్రం ఒడ్డుకు దూరంగా, లోపలి ఊళ్లోనే పూర్తిచేయొచ్చు. అందుకోసం ఏర్పడ్డదే డ్రైపోర్టు. కాగితాల్లో ఇన్‌లాండ్ కంటైనర్ డిపో, వాడుకలో ఐసీడీ. దేశంలో మొదటిది 1981లో బెంగళూరులో వచ్చింది. మనకు దగ్గరలో ఉన్నది హైదరాబాద్ సనత్‌నగర్‌లోని కంటైనర్ కార్పొరేషన్ (కాంకర్) డిపో. అక్కడ కస్టమ్స్ అనుమతి పొందిన కంటైనర్ పెట్టె రైలెక్కి ముంబయి పక్కనున్న నవసేవకు చేరితే, మామూలుగా దాన్ని మళ్లీ తెరవరు. సీలు చెక్కుచెదరలేదని చూసుకుని ఓడలోకి పంపుతారు.

ఒక పెద్ద ఓడ ఒక్క విడతలో వేల పెట్టెలు దింపుతుంది. అన్నిటినీ రేవులోనే విప్పుతూ కూర్చుంటే తర్వాతి ఓడ సరుకుకు చోటుండదు. అందుకే రేవుకు డ్రైపోర్టు పెరడు లాంటిది. పెరటికీ వాకిలి కావాలి కదా! రేవులో రద్దీ పెరిగితే ఇక్కడ పెట్టెలు కదలవు. ఖాళీ కంటైనర్లు ఇటు రాకపోతే మన మిర్చి గోదాము దాటదు. ఈ రెండు కొసలనూ కలిపి ఉంచే మనుషులకే ఈ రంగంలో కొలువులు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. సరుకు ఎక్కించే ముందు సూపర్‌వైజర్ ఖాళీ కంటైనర్‌లోకి వెళ్లి, తలుపులు మూయించి, చీకట్లో నిలబడతాడు. పైకప్పులో ఎక్కడైనా సూదిమొనంత వెలుగు కనిపించిందా, ఆ పెట్టె వెనక్కే. ఆ రంధ్రంలోంచి చుక్క నీరు దిగినా నెలరోజుల ప్రయాణంలో మిర్చి బూజు పడుతుంది. ఒక రైతు ఏడాది కష్టం ఆ చీకటి పరీక్ష మీదే నిలుస్తుంది.

కాగితం పనీ అంతే. కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి పత్రం, దాఖలు చేసేటప్పుడు సరుకు కోడ్ ఎండుమిర్చికి 090421, కారప్పొడికి 090422. ఒక్క అంకె తప్పితే సరుకు ఆగుతుంది, ఆగిన ప్రతిరోజుకూ అద్దె పెరుగుతుంది. తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ వేరు. ఇవన్నీ చూసుకునేది కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయం. 2018 నిబంధనల ప్రకారం ఇంటర్ పాసైతే అక్కడ ఉద్యోగానికి అర్హత ఉంటుంది. హెచ్ కార్డు అనే గుర్తింపు కార్డుతో మొదలుపెట్టి, పరీక్ష రాసి పై స్థాయి జీ కార్డు తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత సొంత బ్రోకర్ లైసెన్సు కోసం కస్టమ్స్ శిక్షణ అకాడమీ నాసిన్ నిర్వహించే పరీక్ష ఉంది. నా మటుకు, మన జిల్లాల బీకాం విద్యార్థులు అంతగా పట్టించుకోని గొప్ప దారి ఇదే.

చదువు కొనసాగించాలంటే విదేశీ వాణిజ్యానికి కాకినాడలో ఐఐఎఫ్‌టీ, రవాణా రంగానికి వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయం ఉన్నాయి. రైల్వే వైపు మొగ్గు ఉంటే రైల్వే నియామక బోర్డుల ఎన్టీపీసీ పరీక్ష రాయండి. సరుకు రైళ్ల సంగతి రైల్వే జంక్షన్ కాజీపేట పిల్లలకు కొత్తగా చెప్పాలా!

ఆంధ్రప్రదేశ్‌లోని బందరు (మచిలీపట్నం) పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. దానితో కలిసేలా తెలంగాణలో డ్రైపోర్టు కట్టాలని తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించింది. ఆ డ్రైపోర్టు వచ్చాక చూద్దామని కూర్చోకండి. పోర్టులో ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లను అసలు నమ్మకండి. ఈ మిర్చి సీజన్‌లో ఒకరోజు ఎనుమాముల వెళ్లండి. ఎగుమతి చేసే వ్యాపారి దగ్గర గుమాస్తాను మర్యాదగా అడిగి, ఒక పాత షిప్పింగ్ బిల్లును మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదవండి.