కదిలే బొమ్మకు తెలుగు పాట

శిశువు భాషను వాక్యంగా నేర్చుకొనడానికి ముందే లయగా నేర్చుకొంటాడు. జోలపాటలో ఊగిన మాట, చేతులు చరుస్తూ పలికిన మాట నాలుక మీద ముందుగా స్థిరపడతాయి. నేడు చాలా ఇండ్లలో ఆ మొదటి పాఠం తల్లి ఒడిలో గాక, యానిమేషన్ బొమ్మల పాటలలో జరుగుతున్నది. కనుక ఆ పాటలను ఎట్లా కడతారో, తెలుగులో కట్టేటప్పుడు ఏవి పాటించవలెనో విచారించడం ఛందస్సు చదివే విద్యార్థికి అప్రస్తుతం కాదు.

నన్ను ఈ విచారణకు పురికొల్పినది ఒక చిన్న సంఘటన. రావులపాలెం అరటి మార్కెట్టుకు పేరుపొందిన ఊరు. ఇక్కడి పిల్లలకు పాల తరువాత తెలిసే రుచి అరటిపండు. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇంటి నాలుగేండ్ల పాప ఒకనాడు పండు చేతబట్టుకొని "ఆరటి, ఆరటి" అని పాడుతున్నది. "అరటి అనాలమ్మా" అన్నాను. "కాదు చాచా, ఫోనులో ఆరటి అనే ఉంది" అని ఆ పాప నన్నే దిద్దింది. పాట విన్నాను. పాప చెప్పినది నిజమే. అది హిందీ నుండి తెలుగులోకి డబ్బింగ్ చేసిన బొమ్మల పాట. తెలుగు ఇంట్లో వినిపించని పిల్లకు ఆ పాటే ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయుడు చెప్పినదానిని పొరుగింటివాడు కాదంటే ఎవరు నమ్ముతారు?

ఆ దీర్ఘం ఎట్లా వచ్చిందో చూద్దాం. మూలంలో "కేలా" అనే మాట ఉన్నది. రెండక్షరాలూ గురువులు, కనుక బాణీలో రెండు సమానమైన దీర్ఘస్వరాలు పెట్టారు. "అరటి" మూడు లఘువులు. అనువాదకుడు మొదటి దీర్ఘస్వరం మీద అకారాన్ని ఉంచి, రెండవదాని మీద "రటి"ని సర్దాడు. అకారం ఆకారమైంది. ఇతర భాషలలో ఇది చిన్న లోపంగా పోవచ్చు. తెలుగులో గది వేరు, గాది వేరు. వడ వేరు, వాడ వేరు. పడు, పాడు ఒకటి కావు.

ఇక్కడ మన కళాశాలలోని రెండు భాషల విద్యార్థులూ గమనింపదగిన విషయమొకటి ఉన్నది. ఉర్దూ ఛందస్సయిన అరూజ్‌లో పదాంతంలోని దీర్ఘాన్ని అవసరాన్ని బట్టి హ్రస్వంగా లెక్కించే వెసులుబాటు చాలా చోట్ల కలదు. తెలుగు పాటలో ఇందుకు విపర్యయంగా, పదాంతంలోని హ్రస్వాన్ని సాగదీసే ఆచారం ఉన్నది. పిలుపులోను, జానపద గేయంలోను పదం చివరి అచ్చు ఎంత సాగినా అర్థం చెడదు. పదం మొదట మాత్రం రెండు భాషలూ స్వేచ్ఛనివ్వవు. అందుచేత హిందీ బాణీకి తెలుగు మాట తొడగవలసి వచ్చినప్పుడు, సాగదీతను పదాంతానికి నెట్టగలిగినవాడే సమర్థుడైన రచయిత.

అంతకంటె ఉత్తమ మార్గం పాటను క్రొత్తగా వ్రాయించడం. జపాను దేశపు 'జంగిల్ బుక్' యానిమేషన్ ధారావాహిక 1993లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చినప్పుడు, మూలగీతాన్ని అనువదింపక, గుల్జార్ చేత హిందీలో వేరుగా పాట వ్రాయించారు. విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు. ఆ ధారావాహికను మరచినవారు కూడ ఆ పాటను మరవలేదు.

ఇక నిర్మాణ పద్ధతి. సాధారణంగా బొమ్మ కంటె పాట ముందు పుడుతుంది. పాటను ఒక నిర్ణీత వేగంలో రికార్డు చేసి, దానిలో ఏ అక్షరం ఏ ఫ్రేములో పడుతుందో వరుసగా ఎక్స్‌పోజర్ షీటు మీద గుర్తిస్తారు. చిత్రకారుడు ఆ పట్టికను చూచి కాలు, చేయి, పెదవి కదిలిస్తాడు. నేడు ఆ షీటు కంప్యూటరు తెర మీదికి మారినా లెక్క మారలేదు. మన టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. నిమిషానికి 100 దెబ్బల వేగంలో పాట నడిస్తే ఒక్కొక్క దెబ్బకు 15 ఫ్రేములు వస్తాయి. త్రిశ్రగతిలో దెబ్బకు మూడు మాత్రలు గనుక మాత్రకు 5 ఫ్రేములు. ఖండగతిలో ఐదు మాత్రలు గనుక మాత్రకు 3. చతురశ్రగతికి ఈ వేగం సమంగా తెగదు. దానికి నిమిషానికి 125 దెబ్బలు పెట్టుకొంటే దెబ్బకు 12, మాత్రకు 3 ఫ్రేములు సరిపోతాయి. లఘువు రెప్పపాటు కాలమని పెద్దలు చెప్పినదానిని ఇక్కడ వేళ్ళ మీద లెక్కింపవచ్చు. గణవిభజన పరీక్ష కోసం మాత్రమే అనుకొనే విద్యార్థులు ఈ పట్టికను ఒకసారి చూడవలెను.

"అరటి పండు" అనే మాటను తీసుకొందాం. మూడు, మూడు మాత్రలు. త్రిశ్రంలో రెండు దెబ్బలు, 30 ఫ్రేములు. మన మార్కెట్టులో వినిపించే పేర్లన్నీ ఇట్లాగే గతులను చెబుతాయి. "బొంత" త్రిశ్రం. "అమృతపాణి" రెండు త్రిశ్రాలు. ఋకారం అచ్చు గనుక ముందున్న అకారం లఘువే. "కర్పూర" ఐదు మాత్రల ఖండం. "చక్కెరకేళి" నాలుగు, మూడు కలిసిన మిశ్రం. గురజాడ ముత్యాల సరాలలో నడిపిన మూడు, నాలుగు మాత్రల నడకను త్రిప్పి వేస్తే అదే అవుతుంది. ఒక్క గెల దింపకుండానే సగం ఛందస్సు పాఠం చెప్పవచ్చు.

పెదవుల విషయం మరింత సూక్ష్మమైనది. 1976లో హారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. 'బ' అనే ధ్వనిని వినిపిస్తూ 'గ' పలికే నోటిని చూపితే చాలామందికి 'ద' వినిపించింది. చెవి వినేదానిని కన్ను మార్చగలదన్నమాట. "అమ్మ" అన్నప్పుడు పెదవులు కలిసి ఒక క్షణం ఆగుతాయి. ఒత్తు ఉన్నదే ఆ ఆగడంలో. ఒత్తు లేని భాషల అలవాటుతో గీసినవాడు పెదవులను రెండు ఫ్రేములు మూసి తెరిస్తే బొమ్మ "అమ" అన్నట్లుంటుంది. గడి, గడ్డి, మొగ, మొగ్గ, వీటి భేదం తెలియవలసిన వయస్సులో ఉన్న శిశువు ముందు ఆ బొమ్మ ఆడుతున్నది. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. చివర నోరు తెరిచియుండవలెను. హల్లుతో ముగిసే మాటకు గీసిన నోరు మన మాట పూర్తి కాకముందే మూతపడుతుంది.

తెలుగు శిశుగేయం తెర కోసం పుట్టినది కాదు, దేహం కోసం పుట్టినది. గుడుగుడుగుంచంలో పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి నిలుస్తాయి. చెమ్మచెక్కలో అరచేతులు కలుస్తాయి. ఒప్పులకుప్పలో పిల్లలు చేతులు పట్టుకొని గిరగిర తిరుగుతారు. రాజమహేంద్రవరం ప్రాంతంలో నేదునూరి గంగాధరం జీవితమంతా తిరిగి సేకరించిన జానపద గేయాలు చూచినవారికి మాటకూ కదలికకూ ఉన్న ఈ బంధం తెలియనిది కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి బాలానందంలో పాడించినప్పుడు బొమ్మ లేదు; కనుక వినే పిల్లలు తామే ఆడేవారు. బొమ్మల పాటలో ఆట బొమ్మకు పోయి, పిల్ల కూర్చుండిపోయే ప్రమాదమున్నది. దీనికి నివారణ కష్టం కాదు. బొమ్మ చేతులను దగ్గరగా, నిదానంగా చూపి, చరణం నడుమ నాలుగు దెబ్బలు ఖాళీ వదలితే పిల్ల ఆ ఖాళీని తన చప్పట్లతో నింపుతుంది. ఖాళీ వదలడానికి మాత్రం నిర్మాతలు జంకుతారు.

పాటకు చెప్పవలసిన విషయం కూడ ఉండవచ్చు. 1973లో అమెరికాలో 'స్కూల్‌హౌస్ రాక్' అనే చిన్న యానిమేషన్ పాటలు ఆరంభమయ్యాయి. డేవిడ్ మెకాల్ అనే వ్యాపార ప్రకటనల నిపుణుడు, తన కుమారునికి ఎక్కాలు రాకపోయినా పాటలు మాత్రం కంఠస్థంగా రావడం గమనించి ఈ ప్రయత్నం తలపెట్టాడు. జాజ్ సంగీతజ్ఞుడు బాబ్ డొరో మూడవ ఎక్కానికి పాట కట్టాడు. మన దేశంలో 1974లో ఫిల్మ్స్ డివిజన్ కోసం విజయ మూలే తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'లో వలతో సహా ఎగిరిపోయే పక్షుల కథ పాటగా సాగి, దూరదర్శన్ ద్వారా ఒక తరానికి ఐకమత్యాన్ని నేర్పింది.

తెలుగువారికి పరిశ్రమ లేదనలేము. 2006 నాటి 'కిట్టు' జాతీయ పురస్కారం పొందిన తెలుగు యానిమేషన్ చిత్రం. రాజీవ్ చిలకా 2001లో హైదరాబాదులో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుండే 2008లో 'ఛోటా భీమ్' వచ్చింది. కాని అది ప్రసిద్ధికెక్కినది హిందీ మాటతోనే. బొమ్మ మన నగరంలో నడక నేర్చి, పాట మన భాషలోకి అద్దెకు వచ్చింది. బెంగళూరుకు చెందిన ఇన్ఫోబెల్స్ వంటివారు 'చిట్టి చిలకమ్మ' మొదలైన తెలుగు పాటలకే నేరుగా బొమ్మలు కట్టడం మెచ్చుకొనదగిన పని.

ఈ సంవత్సరం మా తరగతిలో ఒక అభ్యాసం ఇచ్చాను. అరటి తోట మీద ఒక నిమిషం పాట; త్రిశ్రగతి, 100 దెబ్బలు, అనగా 300 మాత్రలు. తెలుగు విద్యార్థి ఒకడు "సుందరమైన, శోభాయమానమైన" అంటూ 40 మాత్రలు ఖర్చు పెట్టాడు. వాటికి ఏ బొమ్మ గీస్తామని అడిగితే జవాబు లేదు. ఉర్దూ విభాగపు విద్యార్థిని గెల కోయడం, భుజానికెత్తడం, బండి మీద పేర్చడం వ్రాసింది. ప్రతి మాటకూ ఒక కదలిక ఉన్నది. దోషమల్లా మూడు చోట్ల ఒత్తు పోవడమే. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. ఇద్దరూ పాటను చక్కదిద్ది, చప్పట్లతో ఫోనులో రికార్డు చేశారు. బొమ్మలు గీయడానికి ఇంకా ఎవరూ దొరకలేదు.

ఆ పాటను పొరుగింటి పాపకు వినిపించాను. రెండవ రోజున చేతులు చరుస్తూ "అరటి పండూ" అని పాడింది. చివరి ఉకారాన్ని బాగా సాగదీసింది. దానికి అభ్యంతరం లేదు.