నేర్చుకొనే హక్కు, పాడే హక్కు

బెంగళూరులో సంగీతం నేర్పే ఇళ్ళకు కొదవ లేదు. 1905లో ఏర్పడిన గాయన సమాజం నేటికీ కచేరీలు నిర్వహిస్తోంది. నగరంలో ఏ కర్ణాటక సంగీత తరగతికి వెళ్ళినా త్యాగరాజస్వామి కృతులు వినిపిస్తాయి. వాటిలో అత్యధికం తెలుగు కృతులే. అయినా కట్టడపు పనులకు, ఇంటి పనులకు వలస వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు ఆ తరగతులలో అరుదుగా కనిపిస్తారు. సంగీతవిద్యకు అడ్డుగా నిలిచే కంచెలను గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

గతం నేర్పేది

బెంగళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించారు. సంగీత సాహిత్యాలలో పాండిత్యం సంపాదించి, మద్రాసులో కీర్తినీ ధనాన్నీ ఆర్జించారు. ముద్దుపళని కావ్యం ‘రాధికాసాంత్వనము’ను ఆమె 1910లో పరిష్కరించి ప్రచురింపజేయగా, ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. తరువాత తిరువయ్యారులో శిథిలమై ఉన్న త్యాగరాజ సమాధి స్థలంలో తన సొమ్ముతో ఆలయం కట్టించారు. అయినా అక్కడి ఆరాధనోత్సవంలో స్త్రీలు పాడడానికి నిర్వాహకులు సమ్మతించలేదు. ఆమె వెనుదీయక, స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఏకమైన పిదప ఆ వేదికపై స్త్రీలకు స్థానం లభించింది.

ఆమెకు విద్య ఉంది, ధనం ఉంది. ఆలయం ఆమె కట్టించినదే. ఆమెకు లేనిది అనుమతి. దీనిని బట్టి రుసుము ఒక్కటే కంచె కాదని తెలుస్తుంది. వేదికపై ఎవరు కూర్చోవాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది కూడా ముఖ్యమే.

అదే అధికారం తలుపు తెరవనూ గలదు. 1893లో ఈ నగరంలోనే జన్మించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు మందం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళ్ళిన ఆయనను, వాయులీన వాదనం విన్న మీదట అక్కడే ఆచార్యునిగా నియమించారు. అప్పటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు.

నేటి కంచెలు

నెలనెలా చెల్లించే రుసుము, వాద్యం ధర, శ్రుతిపెట్టె ఖర్చు మొదటి కంచె. సాధనకు చోటులేని ఒంటిగది ఇల్లు, తమ్ముళ్ళను చూసుకోవలసిన సాయంకాలాలు రెండవది. మూడవది కంటికి కనిపించదు: ‘మనవంటి వారికి ఇది ఎందుకు’ అనే సంకోచం. ఇంట్లో విన్న డప్పు, తత్త్వాలు, బుర్రకథ సంగీతం కావన్న చిన్నచూపు ఈ సంకోచాన్ని పెంచుతుంది. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్‌గారిని 1986లో పద్మశ్రీ వరించిందని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మనం చేయదగినవి

ఇక్కడి విద్యార్థులలో చాలామంది తెలుగు కృతులను కన్నడ లిపిలో వ్రాసుకొని, అర్థం తెలియక పాడుతుంటారు. ఆ మాటలకు అర్థం చెప్పగల పిల్ల తరగతిలో ఉంటే అందరికీ మేలు. ఆమెను దయతో చేర్చుకున్నామని భావించక, ఆమె తెచ్చే సంపదను గురువు గుర్తించాలి. నివాసుల సంఘాలు తమ సముదాయ భవనాన్ని వారానికి రెండు సాయంకాలాలు సాధనకు ఇవ్వవచ్చు. మూలపడిన వీణలు, వాయులీనాలు, మృదంగాలు బాగుచేయించి పిల్లలకు అరువు ఇవ్వవచ్చు. శ్రీరామనవమి, గణేశోత్సవ వేదికలపై సముదాయంలో పనిచేసేవారి పిల్లలకూ సమానంగా సమయం కేటాయించాలి. వారు డప్పు వాయించినా, కృతి పాడినా ఆదరం ఒకటిగా ఉండాలి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ వీధి ఉత్సవంలో ఎవరు పాడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?
2. గత సంవత్సరం ఆ వేదిక ఎక్కని పిల్లలు ఎవరు? వారిని ఎవరైనా అడిగారా?
3. మీ ఇంటి పెద్దలకు తెలిసిన పాటలలో, పిల్లలకు ఇంకా నేర్పనివి ఏవి?