మునిగే దారి మ్యాపులో కనిపించదు

ప్రశ్న: మాది మునేరు పక్క ఊరు. చేతిలో ఫోను ఉండగా, ఆపద వేళ వెళ్లాల్సిన దారులను కాగితం మీద రాసిపెట్టుకోవాలా?

జవాబు: తప్పకుండా రాసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు సెల్ సిగ్నళ్లూ పోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మీ మునేరే పొంగి, ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదకు నీళ్లొచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఊళ్ల మధ్య రోడ్లే దిక్కు. మ్యాపు దూరం చెబుతుంది గానీ, ఏ చప్టా ఎంత వానకు మునుగుతుందో, ఏ కాలువగట్టు మీద ఆటో వెళ్తుందో, ఏ రైలు వంతెన కింద నీళ్లు నిలుస్తాయో సాధారణంగా చెప్పదు. అవి పాలవ్యాను డ్రైవరుకు, కాలువ లస్కరుకు, ఆశా కార్యకర్తకు తెలుసు. వాళ్లనడిగి, ఆసుపత్రికి కనీసం రెండు దారులు రాయండి.

ఆఫ్‌లైన్ మ్యాపు చాలదా అంటారు. అదీ ఉంచుకోండి, కానీ ఛార్జింగు అయిపోతే అదీ పనిచేయదు. 108 వస్తుందిగా అనే మాటా నిజమే. అయితే ఫలానా చప్టా మునిగింది, ఫలానా గుడి పక్క నుంచి రండి అని చెప్పగలిగితేనే ఆ బండి త్వరగా చేరుతుంది. రాసింది పాతబడుతుందన్న అభ్యంతరంలో బలముంది. అందుకే ప్రతి దారి పక్కనా చూసిన తేదీ వేయండి, ఏటా మృగశిర కార్తెకు ముందే సరిచూడండి. కాగితం మీద ఉంది కదా అని పారే నీళ్లలోకి మాత్రం దిగొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేయగలదు.