ఎర్ర టేపు

గాజువాకలో ఒక తాత అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఆయన భూమి ఉక్కు ఫ్యాక్టరీకి పోయింది. భూములు పోయినవారికి ఆర్ కార్డులు ఇచ్చారు. ఉద్యోగాలు ఇస్తామన్నారు. 1992లో ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. కార్డులున్నవారిలో కొందరికి పని దొరికింది, కొందరికి దొరకలేదు. తాత కార్డు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది. అందుకే ఆర్ కార్డుల వార్త కనబడితే వదలడు.

ఒక మాట దగ్గర ఆగిపోయాడు.

"రెడ్ టేపిజం అంటే ఏటమ్మా? టేపంటే దర్జీ కొలిచేదే గదా?"

మనవరాలు నవ్వింది. "అది కాదు తాతా. ఫైలుకి కట్టే ఎర్ర నాడా."

పూర్వం ఇంగ్లండులో కోర్టు కాగితాలు, సర్కారు కాగితాలు ఎర్ర నాడాతో కట్టేవారు. మన ఆఫీసుల్లోనూ ఫైళ్లకు నాడా కట్టేవారు. ముడి విప్పితేనే పని జరుగుతుంది. విప్పకపోతే ఏళ్లు గడుస్తాయి. అందుకే ఆఫీసుల్లో జరిగే ఆలస్యానికి ఆ పేరు పడింది. ఇప్పుడు చాలా ఫైళ్లు కంప్యూటర్లోకి ఎక్కాయి. నాడా పోయింది, మాట పోలేదు.

లంచం వేరు, ఇది వేరు. పైసా ముట్టని గుమాస్తా దగ్గర కూడా రెడ్ టేపు ఉండొచ్చు. "ఇంకో కాగితం తే" అంటాడు. తెస్తే "సారు లేరు" అంటాడు. మనవాళ్లు "ఫైలు కదల్లేదు" అనేది దీన్నే.

"అప్పట్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవోరు. దెయ్యం అది సదివి ఎనక్కి పోయేదట. ఆఫీసులో మాకూ అదే మాట" అన్నాడు తాత.

"అయితే దెయ్యానికి చదువొచ్చన్నమాట!"

"నాకూ వచ్చింది గదా. ఇప్పుడేటి సెయ్యాలి?"

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మన ఫైలు ఎక్కడుందో అడగవచ్చు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి రుసుము 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ చట్టం ఉద్యోగం ఇప్పించదు. ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పిస్తుంది, అంతే.

మనవరాలు తాను రాస్తానంది. తాత ఒప్పుకోలేదు. పెట్టె తెరిచి కార్డు నంబరు చూసుకున్నాడు. కాగితం మీద మెల్లగా రాశాడు: "మా ఆర్ కార్డు మీద పెట్టిన దరఖాస్తు ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది? ఏ తేదీ నుంచి ఉంది?"