అతిథి రచన – ఆతిథ్య ధర్మం

ఒక రచయిత తన పుటను మిత్రునికి అప్పగించి, తాను ఆ మిత్రుని పుటలో వ్రాయడం ఈ కాలపు వేడుక అని కొందరు భావిస్తారు. పలువురు కలిసి నియమం పెట్టుకొని దినదినమూ వ్రాసే సందర్భాలలో ఇట్టి మార్పిడి నేడు విరివిగా జరుగుతున్నది. కాని దీని వేరులు మన సాహిత్యంలో చాలా లోతున ఉన్నాయి.

పరుల పుటలో ఎట్లా వ్రాయాలో తెలుగువారికి చూపినవాడు ఎఱ్ఱన. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆరంభించిన భారతం అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. తిక్కన విరాటపర్వం నుండి అందుకొన్నాడే కాని ఆ ఖాళీ జోలికి పోలేదు. నన్నయకు దాదాపు మూడు వందల ఏండ్ల తరువాత ఎఱ్ఱన దానిని పూరించాడు. ఎఱ్ఱనకు ఆశ్రయమిచ్చిన ప్రభువు ప్రోలయ వేమారెడ్డి. అయినను ఆ శేషభాగాన్ని అతనికి కాక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే, నన్నయయే వ్రాస్తున్నట్లుగా అంకితం చేశాడు. శైలి నన్నయకు దగ్గరగా మొదలై క్రమంగా తిక్కన వైపు ఒరుగుతుందని విమర్శకులు గుర్తించారు. రెండు ఇండ్ల నడుమ వసారాలో నిలిచిన అతిథి, ఏ ఇంటివారికీ కొత్త అనిపించకుండా మెలగినట్లున్నది ఈ రచన. నన్నయ తిరిగి వచ్చి ఎఱ్ఱన గ్రంథంలో వ్రాయలేడు గనుక దీనిని మార్పిడి అనలేము. అతిథి మర్యాదకు మాత్రం ఇంతకంటె మంచి పాఠం మాకు కనిపించదు.

పలువురు ఒకే నియమానికి లోబడి వ్రాయడం మన అవధానాలలోనూ, ఉర్దూ తరహీ ముషాయిరాలలోనూ ఉన్నది. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఒక పాదాన్ని ఇస్తాడు. అది తరచు అసంబద్ధంగా తోస్తుంది. తక్కిన మూడు పాదాలతో అవధాని దానికి అర్థం కల్పించాలి. తరహీ ముషాయిరాలో ఒక మిస్రా, అనగా ఒక పాదం, ముందుగానే ప్రకటిస్తారు. కవులందరూ అదే ఛందస్సులో, అదే కాఫియా రదీఫులతో గజళ్ళు వ్రాసి తెస్తారు. ఇచ్చిన మిస్రాకు తన మిస్రాను ముడివేసి ద్విపాదిగా చేయడాన్ని ‘గిరహ్’ అంటారు. గిరహ్ అనగా ముడియే. మన సమస్యకు ఇంత దగ్గరి చుట్టం మరొకటి లేదు. అయితే అవధానంలో పరీక్ష ఒక్కనికే. ముషాయిరాలో అందరికీ సమానం. విద్యార్థులకు రెండవ పద్ధతి మేలని మా అభిప్రాయం. పద్యం తడబడినవాడు సభలో ఒంటరి కాడు.

ఈ ఉద్దేశంతోనే మేము గత విద్యాసంవత్సరం ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులను పన్నెండుగురిని చేర్చి గోడపత్రిక నడిపించాము. ఇరువది దినాలు, దినానికొక పుట. ప్రతి ఐదవ దినం ఉర్దూవారు తెలుగు పుటకు, తెలుగువారు ఉర్దూ పుటకు వ్రాయాలి. అందరికీ ఇచ్చిన విషయం ఒక్కటే: పట్టిసీమ రేవు. అక్కడ గోదావరి నడుమ కొండపై వీరభద్రాలయమున్నది. పడవ దాటనిదే దర్శనం లేదు. ఆ సమీపంలోనే 24 పంపులతో నదీజలాన్ని పోలవరం కుడి కాలువలోకి ఎత్తే పథకమున్నది. 2015లో ఆ నీరు కృష్ణను చేరింది. విద్యార్థులను తీసుకొనిపోయి రెండూ చూపించాము.

చిక్కు మార్పిడి దినాన తెలిసింది. తెలుగు విద్యార్థి ఒకడు శివరాత్రి ‘తీర్థం’ గురించీ, ‘లంక’లోని పొలాల గురించీ ధారాళంగా వ్రాశాడు. గోదావరి జిల్లాల వాడుకలో తీర్థమంటే జాతర, లంక అంటే నదిలో మేటవేసిన ద్వీపం. ఆ పుట చదివిన ఉర్దూ విద్యార్థి పై జిల్లాలవాడు. రావణుని లంక గోదావరికి ఎప్పుడు వచ్చిందని అడిగాడు! తీర్థమనగా ఉర్సు వంటి జనసందోహమని ఒక్క వాక్యం చేర్చవలసి వచ్చింది. అటు ఉర్దూ విద్యార్థి తెలుగు పుటలో ఒక గజల్‌ను మెచ్చుకొంటూ దాని ‘జమీన్’ గొప్పదని వ్రాశాడు. ఛందస్సు, కాఫియా, రదీఫుల కూర్పును ఉర్దూలో జమీన్ అంటారు. తెలుగువారు ఎన్ని ఎకరాలని అడిగారు. తన మాటలలో ఏవి అందరివో, ఏవి తన ఇంటివో రచయితకు తన పుటలో ఉన్నంతకాలం తెలియదు.

దిద్దుబాటు విషయంలో మాత్రం తగవు వచ్చింది. ఒక అతిథి వ్యాసాన్ని ఆతిథ్యపక్షం వారు ఎంతగా దిద్దారంటే, గోడపై దానిని చూచి వ్రాసినవాడే తనది కాదన్నాడు. అప్పుడు మేమొక కట్టుబాటు చేశాము: అక్షరదోషాలు ఆతిథేయుడు దిద్దవచ్చు, అభిప్రాయాన్ని మార్చరాదు, ఒక వాక్యం తీసివేయవలెనన్నా అతిథిని అడిగి తీయాలి. ఇచ్చిన పుటకు పుట తిరిగి ఇచ్చి తీరాలి. కొందరు వ్రాయించుకొనడంలో ఉత్సాహం చూపి, తమ వంతు రాగానే జ్వరం తెచ్చుకొన్నారు.

ఇక సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన వార్షిక సంచికలో ఉర్దూ విభాగం కుడి నుండి, తెలుగు విభాగం ఎడమ నుండి తెరుచుకొంటాయి. ఎవరి వైపు నుండి తెరిచినవారు అటే మూస్తున్నారు. ఇంట ఉర్దూ మాట్లాడుతూ ఆ లిపి చదవలేని పిల్లలు మన తరగతులలో తక్కువ మంది కారు. వినిపిస్తే పరవశించే గజల్, అచ్చులో వారికి మూగది. అందుచేత రెండు విభాగాలు కలిసే నడిమి నాలుగు పుటలను అతిథి రచనలకు కేటాయించాలనీ, ఉర్దూ రచనలను పక్కనే తెలుగు లిపిలోనూ అచ్చువేయాలనీ కోరుతున్నాము. లిపి మారితే భాష చెడుతుందనే పెద్దల ఆందోళన మాకు తెలుసు. మూల లిపిని తొలగించమని మేము అడగడం లేదు, పక్కన చోటు మాత్రమే అడుగుతున్నాము. అచ్చు ఖర్చు నాలుగు పుటలకు మించదు.

అనుమతి లభించిన వారంలోగా ఒక మిస్రా, ఒక సమస్య నోటీసు బోర్డుపై ఉంచుతాము. మిస్రాను తెలుగు శాఖ విద్యార్థులు, సమస్యను ఉర్దూ శాఖ విద్యార్థులు పూరించాలి.