సాయానికి షరతు పెట్టొద్దు

ఎవరికైనా సాయం చేసి ఇంటికి వచ్చాక మీ మనసులో ముందుగా ఏ ప్రశ్న లేస్తుందో ఒకసారి గమనించండి. 'వాళ్ళ పొయ్యి వెలిగిందా?' అనా? 'ఈ ఆదివారం మందిరానికి వస్తారా?' అనా? రాజకీయాల్లో ఉన్నవారికైతే 'ఓటు మనకే వేస్తాడా?' అని. బంధువులకైతే 'రేపు మన మాట వింటాడా?' అని. ఎవరి ప్రశ్న వారిదే గానీ, లోపల ఉన్నది ఒకటే. ఇచ్చినదానికి మనం ఒక షరతు తగిలించాం, పైకి చెప్పలేదంతే.

మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో సంఘ కాపరిగా తిరిగే నాకు ఈ షరతు రోజూ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. దాన్ని తీసేయడం నేర్చుకున్నవాళ్ళ ప్రార్థన వేరుగా ఉంటుంది. సేవ వేరుగా ఉంటుంది. మాట తీరు కూడా మారుతుంది. ఇది పుస్తకాల్లో వెతుక్కోవాల్సిన ఆదర్శం కాదు. మన గుండ్లకమ్మ నది ఒడ్డునే ఒకాయన చేసి చూపించాడు.

1876లో వానలు పడలేదు. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా చోట్ల కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. ఇంటి ముందు ఆకలితో జనం. ఆయన దగ్గర ఉన్న దారి సులువైనదే: గంజి పోసి, పేర్లు రాసుకుని, బాప్తిస్మం ఇచ్చేయడం. ఆయన ఆ పని చేయలేదు. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసిన మనిషి. ఆ చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. పలుగూ పారా పట్టగలిగిన వాళ్ళందరికీ కూలి దొరికింది. మేస్త్రీలుగా ఎవర్ని పెట్టాడో తెలుసా? తన తెలుగు బోధకుల్నే. పొద్దుటి నుంచి మట్టి పని చూసుకోవడం, జనం అలసి కూర్చున్నప్పుడు వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడటం. ప్రయాసపడేవాళ్ళను, బరువు మోసేవాళ్ళను యేసు రమ్మని పిలిచే మాట మత్తయి 11వ అధ్యాయంలో ఉంది కదా, ఆ బోధకులు ఎక్కువగా చెప్పింది అదే. తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ మాట వివరించి చెప్పాల్సిన పనేముంది!

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం, పదిహేను నెలలపాటు, ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలంటే ముందు బియ్యం ఆగాలి అన్నది ఆయన లెక్క. ఈ పదిహేను నెలలు ఆయనకు ఎంత కష్టమై ఉంటాయో ఆలోచించండి. సంఖ్యలు పెరిగితే సంతోషించే పెద్దలు అమెరికాలో ఉన్నారు. వాకిట్లో జనం ఉన్నారు. ఆ సమయంలో చేతులు కట్టుకుని ఆగడానికి ఎంత నిగ్రహం కావాలి!

1878 నడిమికి కరువు సాయం ముగిసింది. ఇక పంచడానికి డబ్బు లేదని, ఇళ్ళకు వెళ్ళమని చెప్పాడు. అయినా జనం వచ్చారు, వేలల్లో. మాకు డబ్బు వద్దు, ఇదిగో మా చేతులు చూడు, పని చేసి బతికినవాళ్ళం, ఇక ముందూ పని చేసుకునే బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేముందు క్రైస్తవులుగా చావనివ్వు అన్నది వాళ్ళ వాదన. అరచేతుల్లోని బొబ్బలే వాళ్ళు చూపించిన సాక్ష్యం. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలోకి దిగి, అలసినప్పుడు వంతులు మార్చుకుంటూ ఆ పని చేశారు. ఆ నది మన నల్లమలలో పుట్టి, మన కంభం చెరువును నింపి, అటు వెళ్ళిందే. తర్వాత 1882లో కంభంలో, 1895లో మార్కాపురంలో మిషన్ కేంద్రాలు వెలిశాయి. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ సంప్రదాయం. ఆ సంఘాలు ఇప్పటికీ నంద్యాల డయోసిస్‌లోనే ఉన్నాయి.

2,222 అనే సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందున్న పదిహేను నెలల సున్నాను ఎవరూ చెప్పరు. నన్నడిగితే యువతకు నేర్పాల్సింది ఆ సున్నానే.

మరి ఆ నిగ్రహం మనకు ఎలా అలవడుతుంది? ముందు కాలాన్ని ఎంచుకోండి. అవసరంలో ఉన్న మనిషితో నిర్ణయాలు చేయించకండి. అప్పు తీర్చినరోజే 'ఇకనుంచి నువ్వు మా సంఘం' అనకండి. ఆసుపత్రి మంచం పక్కన ఒప్పందాలు కుదుర్చుకోకండి. ఆ గడ్డు కాలం దాటనివ్వండి. మనిషి తన కాళ్ళ మీద నిలబడ్డాక, మీకు 'కాదు' అని ధైర్యంగా చెప్పగల స్థితికి వచ్చాక, అప్పుడు అతను చెప్పే 'అవును'కు విలువ ఉంటుంది. ఇది చర్చికే కాదు. ఉద్యోగం ఇప్పించినవారికి, చదువు చెప్పించినవారికి, పెళ్ళి ఖర్చు పెట్టుకున్న మేనమామకు కూడా ఇదే వర్తిస్తుంది.

మా వైపు మిరపకోతల కాలం దీనికి మంచి పరీక్ష. సంక్రాంతి దాటితే చాలు, కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు కోతలకు వెళ్ళిపోతాయి. ఇంటికి తాళం, ముసలమ్మ పక్కింటి అరుగు మీద, పిల్లలు ఒక్కోసారి అమ్మమ్మ దగ్గర, ఒక్కోసారి బడి మాని తల్లితోపాటే మిరప చేలో. ఆదివారం మందిరంలో చాపలు సగం ఖాళీ. యువ కాపరులు ఈ రోజుల్లో దిగులు పడతారు, కానుక తగ్గిందని, జనం చల్లబడ్డారని. వాళ్ళకు నేను చెప్పేది ఇదే: హాజరు పుస్తకం మూసేయండి, ముసలివాళ్ళ జాబితా తెరవండి. ఎవరికి బీపీ మాత్రలు అయిపోతున్నాయి? పింఛను రోజున ఎవరికి తోడు ఉండాలి? వలస వెళ్ళేవారి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంది. తల్లిదండ్రులు బయల్దేరే ముందే హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి పిల్లల్ని నిలబెట్టగలిగితే, ఆ ఒక్క పని నాలుగు ఉపవాస కూడికలకు తక్కువేం కాదు. వాళ్ళు ఏప్రిల్‌లో తిరిగొచ్చాక ఏ సంఘానికి వెళ్తారో మీరు అడగొద్దు.

ప్రార్థన సంగతికి వస్తాను. 'అయ్యగారూ, ప్రార్థన చేయండి' అని ఫోన్ వస్తుంది. 'తప్పకుండా చేస్తానమ్మా' అని పెట్టేస్తాం. ఆ తప్పకుండా అన్నది ఎన్నిసార్లు జరుగుతుందో మన మనస్సాక్షికి తెలుసు. అందుకే ఒక పద్ధతి చెప్తాను, పాటించి చూడండి. ఫోన్ పెట్టక ముందే, రెండు వాక్యాలైనా సరే, ఆ మనిషి పేరుతో, ఆ అవసరం పేరుతో అక్కడికక్కడే ప్రార్థించండి. తర్వాత చిన్న నోటుబుక్కులో మూడు గడులు గీయండి. మొదటి గడిలో పేరు, రెండోదానిలో అవసరం, మూడోదానిలో నా చేతిలో ఉన్న పని. ఆ మూడో గడి ఖాళీగా ఉంటే ప్రార్థన ఇంకా సగంలోనే ఉందని గుర్తు. చలికి వణికేవాడిని, ఆకలితో ఉన్నవాడిని దీవించి ఉత్త చేతులతో పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొహం మీదే అడుగుతుంది.

కొన్నిసార్లు మూడో గడిలో రాయడానికి నిజంగానే ఏమీ ఉండదు. అప్పుడు కూర్చోవడమే పని. ఆదరణ కూడికల్లో మనం మాటలు ఎక్కువ మాట్లాడతాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు 'దేవుని చిత్తం' అని తేల్చేయకండి. పక్కన కూర్చోండి. ఆమె ఒక ముద్ద తినేదాకా ఉండండి, చాలు. ఇంకో మాట, ఇది చాలా గట్టిగా చెప్తున్నాను: స్వస్థత కోసం ప్రార్థించినప్పుడు ఎవరినీ మందులు మానేయమనకండి. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తుతుంది. చక్కెర మాత్ర ఆపితే కాలు పోవచ్చు. మాత్రతోపాటు గ్లాసు నీళ్ళు అందించి ప్రార్థించే కాపరి విశ్వాసం ఏమీ తక్కువది కాదు.

జవాబు త్వరగా రాకపోతే? 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు. మిషనరీ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్ళ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చలు జరుగుతున్న రోజులవి. క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. ఈ నడిమి పన్నెండేళ్ళూ జ్యూయెట్ ఊరికే కూర్చోలేదు. నెల్లూరులో ఉన్నన్నాళ్ళూ తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు. దేవుడికి గడువు పెట్టి, ఆ గడువు దాటగానే పని మానేయడం కూడా షరతే మరి.

షరతులు మనం పెట్టేవే కావు, మనకు పెట్టేవీ ఉంటాయి. క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తలో పెద్ద కులాల వాళ్ళు కొందరు ఆసక్తిగా వచ్చారు. అదే సమయంలో తాళ్ళకొండపాడు నుంచి తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య, ఆయన మాదిగ బంధువులు ముందుకొచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని ఆ పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే ఎదురైందట, లోకం తక్కువగా చూసేవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు. వీళ్ళను చేర్చుకోవాలని తేలిపోయింది. 1867 జనవరిలో తాళ్ళకొండపాడు చింతతోపులో కూడిక పెడితే, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వంట గిన్నెలు, తిండి గింజలు మూట కట్టుకుని వచ్చారు, కొన్ని రోజులు ఉండి వినడానికి. తమ తిండి తామే తెచ్చుకున్నారన్న సంగతి మర్చిపోకండి. ఆ కూడిక చివర ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ రోజు మీ సంఘానికి సిమెంటు బస్తాలు ఇస్తానన్న పెద్దమనిషి 'ఫలానా వీధి వాళ్ళను కాస్త వెనక కూర్చోబెట్టండి' అని నోటితో చెప్పకపోవచ్చు. చూపుతో చెప్తాడు. ఆ సిమెంటు వద్దనండి. గోడ ఆలస్యంగా లేస్తే కొంప మునగదు. మర్యాదగా, గొంతు పెంచకుండా, కారణం మాత్రం దాచకుండా కాదనడం నేర్చుకోవాల్సిన విద్య. అద్దం ముందు నిలబడి ఒకసారి పైకి అనుకుని చూసుకున్నా తప్పులేదు.

పేదవాణ్ణి ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంచడం కూడా అన్యాయం. మన సంఘాల్లో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో తీసి పెట్టే అలవాటు ఉంది. మిజోరాం సంఘాలు ఇలాంటి పిడికెడు బియ్యంతోనే ఎంతో సువార్త సేవను పోషించుకున్నాయి. మన దగ్గర ఈ అలవాటు సన్నగిల్లుతోంది, ఇప్పుడంతా ఫోన్‌పేలో కానుక కదా అంటారు. ఫోన్‌పే మంచిదే, వద్దనను. కానీ చేతిలో రూపాయి లేని అవ్వకు కూడా ఇచ్చే హక్కునిచ్చేది ఆ డబ్బాయే. అది సంఘంలో ఉండి తీరాలి. నిన్న సరుకుల కిట్టు పుచ్చుకున్న ఇంటివాళ్ళు ఈ వారం ఆ డబ్బాలో పిడికెడు వేస్తే కాదనకండి, జాలి చూపించి వెనక్కి ఇవ్వకండి.

ఇచ్చేటప్పుడు ఫోటో వద్దు. లాక్‌డౌన్ నాటి నుంచి ఇది జబ్బులా పట్టుకుంది. బియ్యం సంచి మధ్యలో, చుట్టూ చిరునవ్వుల పెద్దలు, ఒక పక్క తల దించుకున్న ముసలాయన. దాతకు చూపించాలంటే బిల్లు ఫోటో తీయండి, సంచుల ఫోటో తీయండి. మనిషి ముఖం వదిలేయండి. లెక్కలు మాత్రం అందరికీ కనిపించాలి. ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది ప్రతి నెలా మందిరం తలుపు పక్కన కాగితం మీద అతికించండి. కింద కాపరి సంతకం ఒక్కటే చాలదు. సంఘంలో ఇంకెవరైనా, వీలైతే ఒక ఆడమనిషి, చూసి సంతకం పెట్టాలి.

వేసవి దగ్గరకొచ్చాక మన వైపు నీళ్ళ కష్టాలు వేరే చెప్పనక్కర్లేదు. బోర్లు ఎండుతాయి, వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు. సంఘం డబ్బుతో ట్యాంకరు తెప్పిస్తే దాన్ని మందిరం గేటు లోపల ఆపకండి, నాలుగు వీధులూ కలిసేచోట ఆపించండి. ఎవరిదే కులం, ఎవరిదే మతం అని ఆరా తీయొద్దని పైపు పట్టుకునే కుర్రాళ్ళకు ముందే చెప్పండి. ఇంటికిన్ని బిందెలని మాత్రం ముందే నిర్ణయించుకోండి. లేకపోతే బలమున్నవాళ్ళు పది మోసుకెళ్తారు, వెనక నిలబడ్డ ముసలివాళ్ళ దాకా వచ్చేసరికి ట్యాంకరు అయిపోతుంది. వాళ్ళ బిందెలు ఇంటిదాకా మోయడానికి నలుగురు పిల్లల్ని పెట్టండి.